ఫ్లాప్ ఇచ్చిన చెయ్యి, గ్రాఫ్ట్ ఇచ్చిన తొడ: ఐదు వారాల మచ్చను చూసి తీర్పు చెప్పకండి

మీరు రాసిన దాని సారాంశం ఇదీ. నాన్నగారికి నాలుక క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఐదు వారాలైంది. నాలుక తీసిన చోట ఎడమ ముంజేతి నుంచి ఫ్లాప్, అంటే రక్తనాళాలతో సహా తీసిన చర్మం, కొవ్వు ముక్క, తెచ్చి పెట్టారు. ముంజేతి మీద మిగిలిన ఖాళీని తొడ నుంచి తీసిన పల్చటి చర్మంతో కప్పారు, దీన్నే గ్రాఫ్ట్ అంటాం. నోట్లో అంతా బాగా అతుక్కుంది. చెయ్యి మాత్రం గుంటపడి, ఊదారంగులో, గళ్ళుగళ్ళుగా కనిపిస్తోంది. తొడ మీద దురద రాత్రిళ్ళు నిద్ర పోనివ్వడం లేదు. "నోరు బాగైంది గానీ చెయ్యి పోయింది" అంటున్నారట. మచ్చలు ఇలాగే ఉండిపోతాయా, పైన ఏం రాయాలి, చెయ్యి మునుపటిలా పనిచేస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను సర్జన్ని కాదు. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో 22 ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సుని, అందులో ఎక్కువ కాలం డ్రెస్సింగ్ రూమ్‌లోనే గడిచింది. ఆయన్ని చూస్తున్న డాక్టరు చెప్పిన మాటకీ నా మాటకీ తేడా వస్తే వాళ్ళ మాటే వినండి. వాళ్ళు గాయాన్ని చూశారు, నేను చూడలేదు.

ఆపరేషనైన మొదటి రెండు రోజులూ ఫ్లాప్‌ని గంటగంటకీ చూస్తాం. రంగు ఎలా ఉంది, వెచ్చగా ఉందా, వేలితో నొక్కి వదిలితే మళ్ళీ ఎర్రబడుతోందా అని. చెయ్యి మాత్రం కట్టులోనే ఉంటుంది, ఐదారు రోజుల దాకా విప్పం. దాంతో ఇంట్లోవాళ్ళకి నోరే అసలు ఆపరేషన్, చెయ్యీ తొడా పక్క విషయాలు అనిపిస్తుంది. డిశ్చార్జి రోజున మందుల చీటీ గురించి చెబుతాం గానీ ఈ రెండు గాయాల గురించి కూర్చోబెట్టి చెప్పడం తక్కువ. ఇంటికెళ్ళి కట్టు తీసి చూసుకున్నాక గుండె గుభేలుమంటుంది. ఇందులో తప్పు మీది కాదు, మాది.

నాన్నగారికున్నవి రెండు వేరువేరు రకాల గాయాలు. మీరు రెండింటినీ ఒకటే మచ్చ అనుకుని పోల్చుతున్నారు, గందరగోళమంతా అక్కడే.

తొడ మీద తీసింది చర్మంలో పై పొర, దాని కింది పొరలో కొంచెం. మందం 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది, అంతే. మోకాలు గీరుకుపోయినప్పుడు ఏర్పడే గాయం లాంటిదే, కాకపోతే పెద్దది. వెంట్రుకల కుదుళ్ళూ చెమట గ్రంథుల అడుగు భాగాలూ లోపలే మిగిలి ఉంటాయి. వాటి గోడల నుంచే కొత్త చర్మం పుట్టి పక్కలకి పాకుతుంది. అందుకే ఏ కుట్టూ లేకుండా రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది. ముంజేతి సంగతి అలా కాదు. అక్కడ పూర్తి మందం చర్మం, దాని కింది కొవ్వు, ఒక ధమని, సిరలు కలిపి తీసేశారు. మళ్ళీ పుట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. తొడ చర్మాన్ని తెచ్చి కండరం మీద పరిచారు. గుంట కనిపించడానికి కారణం అదే, కొవ్వు లేదు. గళ్ళు ఎందుకంటే, గ్రాఫ్ట్ కింద నీరూ రక్తమూ చేరితే అది అంటుకోదు, అవి బయటికి పోవడానికి చర్మానికి మెషీన్‌తో సన్నని చీలికలు పెడతారు. ఆ గళ్ళు కాలంతో మెత్తబడతాయి గానీ పూర్తిగా మాయం కావు. గుంట కొంత నిండుతుంది, అవతలి చేతితో సమానం మాత్రం కాదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఏడాది తర్వాత మోసపోయామని అనుకోకుండా.

తొడ గురించి ముందు చెబుతాను, నిద్ర పాడుచేస్తున్నది అదే కాబట్టి.

చాలామంది "పెద్ద ఆపరేషన్ నోట్లో జరిగితే నొప్పి తొడలో ఏమిటి" అని ఆశ్చర్యపోతారు. లోతుగా కోసిన చోట నరాల కొసలు తెగిపోతాయి, మొద్దుబారుతుంది. పైపైన చెక్కిన చోట అవి బతికే ఉండి గాలికీ గుడ్డకీ తగులుతుంటాయి. మంట అంతా దానిదే. నా మొదటి ఏడాదిలో ఒక పెద్దాయన తొడ మీద కట్టు ఎండి అతుక్కుపోయి ఉంది. సీనియర్లు తడపమన్నారు, నాకు తొందర. ఒక కొస పట్టుకుని లాగాను. కొత్తగా వచ్చిన చర్మం గాజుగుడ్డతోపాటు లేచొచ్చింది. గుండుసూది మొనలంత రక్తపు చుక్కలు వందల్లో ఒకేసారి పైకి వచ్చాయి. ఆయన అరవలేదు, మంచం పక్క కడ్డీని మాత్రం గట్టిగా పట్టుకున్నారు. అది మానడానికి ఇంకో పది రోజులు పట్టింది. అప్పట్నుంచి అతుక్కున్న కట్టు కనిపిస్తే సలైన్‌తో తడిపి పావుగంట ఆగుతాను. అప్పటికీ రాకపోతే వదిలేస్తాను, చర్మం మానితే అదే ఊడుతుంది. మీ ఇంట్లో ఇంకా ఏ మూలైనా కట్టు ముక్క అంటుకుని ఉంటే లేచిన అంచుల్ని కత్తెరతో కత్తిరించండి, లాగొద్దు.

ఐదు వారాలకి తొడ పూర్తిగా మూసుకుని ఉంటే దురద రావడం మామూలే. కొత్త చర్మానికి నూనె గ్రంథులు ఇంకా సరిగా పనిచేయవు, ఎండిపోతుంది. నరాల కొసలు మళ్ళీ మొలుస్తుంటాయి, వాటి వల్లా దురదే. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, కాస్త తడి ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. రోజుకి ఒకసారి సరిపోదు, మూడు నాలుగు సార్లు రాయాలి. వట్టి పెట్రోలియం జెల్లీ కూడా బాగానే పనిచేస్తుంది. దురద వచ్చినప్పుడు గోకకుండా అరచేత్తో తట్టడమో, చల్లని తడిగుడ్డ వేయడమో చేయమనండి. రాత్రి నిద్ర లేకపోతే దురద తగ్గించే మాత్ర ఇవ్వమని డాక్టర్ని అడగండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గోళ్ళు కత్తిరించి ఉంచండి, నిద్రలో చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

చిన్న చిన్న నీటిపొక్కులు లేచినా కంగారు పడకండి. కొత్త పొర కింది పొరకి ఇంకా గట్టిగా అంటుకోలేదు, ప్యాంటు రాపిడికే పొక్కుతుంది. వదులు బట్టలు వేసుకుంటే చాలు. మూడు వారాలు దాటినా మూసుకోని చోటు ఏదైనా ఉంటే మాత్రం చూపించండి. ఎంత ఆలస్యంగా మానితే అక్కడ మచ్చ అంత లావుగా వచ్చే అవకాశం ఎక్కువ. రంగు మొదట గులాబీ, తర్వాత గోధుమ, ముదురు ఛాయ ఉన్నవాళ్ళలో కొన్ని నెలలు బాగా నల్లగా కూడా ఉంటుంది. చివరికి నలుచదరంగా ఒక మరక మిగులుతుంది, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త లేతగానో ముదురుగానో. తడిమితే తేడా తెలియదు, చూస్తేనే తెలుస్తుంది.

ఇక చెయ్యి.

మీరు ఉత్తరం చివర్లో చిన్నగా రాసి వదిలేసిన విషయం నాకు ముఖ్యంగా అనిపించింది: "మణికట్టు దగ్గర శనగగింజంత నల్లటి చెక్కు ఊడి, కింద తెల్లగా ఏదో కనిపిస్తోంది, చీము పట్టిందేమో" అని. చీము కాకపోవచ్చు. ముంజేతి గ్రాఫ్ట్‌లో తరచూ దెబ్బతినేది సరిగ్గా ఆ చోటే. అక్కడ చర్మం కిందే టెండన్ ఉంటుంది, కండరాన్ని ఎముకకి కట్టే తాడు. జనం నరం అంటారు గానీ నరం కాదు. దాని మీద పల్చటి పొర చెదిరిపోతే గ్రాఫ్ట్‌కి కింది నుంచి రక్తం అందదు, ఆ ముక్క నల్లబడి ఊడుతుంది. చీము అయితే తుడిస్తే పోతుంది, వాసన వస్తుంది. టెండన్ తుడిచినా పోదు, వేళ్ళు కదిపితే అదీ కదులుతుంది. దాన్ని ఎండనివ్వకూడదు, ఎండితే చచ్చిపోతుంది. ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు. చిన్నదైతే చాలావరకు మళ్ళీ ఆపరేషన్ అవసరం రాదు. తడి నిలిపే డ్రెస్సింగులతో పక్కల నుంచి ఎర్రటి కొత్త కండ పాకి కప్పేస్తుంది. కాకపోతే వారాలు పడుతుంది, ఓపిక కావాలి.

ధమని తీసేశారు కదా, చేతికి రక్తం చాలుతుందా అని రాశారు. చేతికి రెండు ధమనులు వస్తాయి, బొటనవేలి వైపు ఒకటి, చిటికెన వేలి వైపు ఒకటి. తీసింది మొదటిది. ఆపరేషన్‌కి ముందు నాన్నగారిని పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు వైపులా నొక్కి, పిడికిలి తెరిచాక చిటికెన వేలి వైపు మాత్రమే వదిలి చూసి ఉంటారు, ఆయన్ని అడగండి. పాలిపోయిన అరచెయ్యి కొన్ని క్షణాల్లో ఎర్రబడితే ఆ ఒక్క ధమనీ చేతికంతటికీ సరిపోతుందని అర్థం. ఆ పరీక్ష నిలబడితేనే ఆ చేతిని ఎంచుకుంటారు. అయితే ఆ మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఇక నాడి దొరకదు. ఈ సంగతి తెలియని కొత్త డాక్టరో నర్సో నాడి పట్టుకుని, దొరక్క కంగారుపడి, పేషెంట్‌ని ఇంకా కంగారుపెట్టిన సందర్భాలు నేను చూశాను. ఎక్కడికి వెళ్ళినా "ఈ చేతి నుంచి ఫ్లాప్ తీశారు" అని ముందే చెప్పమనండి. ఆ చేతి నుంచి రక్తం తీయడం, సెలైన్ సూది పెట్టడం కూడా వద్దనాలి.

బొటనవేలి వెనక భాగం, చెయ్యి వెనక వైపు మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు ఉంటుంది. అక్కడి చర్మానికి స్పర్శనిచ్చే నరం ఫ్లాప్ పక్కనుంచే వెళుతుంది, దాన్ని కదిలించకుండా ఫ్లాప్ తీయలేరు. నెలల మీద కొంత తిరిగొస్తుంది. గ్రాఫ్ట్ మీద మాత్రం స్పర్శ పూర్తిగా రాదు. దీనివల్ల వచ్చే అసలు ప్రమాదం కాలడం. వేడి గిన్నె తగిలినా ఆయనకి తెలియదు. నీళ్ళ వేడి ఎప్పుడూ కుడి చేత్తోనే చూడమనండి. వేడినీళ్ళ సంచీ ఆ చేతికి పెట్టనే వద్దు. చలికి వేళ్ళు ఎక్కువ సలపడం కూడా ఉంటుంది, తొడుగు వేసుకుంటే సరి. వాచీ కొన్నాళ్ళు కుడి చేతికి మార్చండి, పట్టీ రాపిడికి గ్రాఫ్ట్ ఆగదు.

చెయ్యి పనిచేస్తుందా అన్న ప్రశ్నకి నా జవాబు: పనిచేస్తుంది, కానీ దాని పని ఈ వారం నుంచే మొదలుపెట్టాలి. మచ్చ ఎలా ఉండబోతోందో చెప్పడానికి ఏడాది ఆగొచ్చు, కదలికకి ఆగడం కుదరదు. మీరు రాసినదాన్ని బట్టి ఆయన చేతిని ఇప్పటికీ ఒళ్ళో పెట్టుకుని, కదిపితే కుట్లు ఊడతాయని భయపడుతున్నారు. మొదటి వారం స్ప్లింట్ (చెయ్యి కదలకుండా ఆపే గట్టి కట్టు) వేసి కదపొద్దన్నది నిజమే. గ్రాఫ్ట్‌లోకి కొత్త రక్తనాళాలు మొలిచి అంటుకునేదాకా ఆ జాగ్రత్త. ఐదో వారంలో ఆ జాగ్రత్తే హాని చేస్తుంది. ఆయన్ని ఒకసారి నెమ్మదిగా పిడికిలి ముడవమని, మీరు గ్రాఫ్ట్ వైపు చూడండి. వేళ్ళతోపాటు చర్మం లోపలికి గుంజుకుంటుంటే టెండన్లు పైనున్న గ్రాఫ్ట్‌కి అంటుకుంటున్నాయన్నమాట. ఇప్పుడైతే కదిలించి వదులు చేయొచ్చు, ఆరు నెలలు పోయాక చాలా కష్టం. టెండన్ కనిపిస్తున్న చోటు ఉంది కాబట్టి ఎంతవరకు కదపాలో డాక్టర్ని అడిగి, ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గర నేర్చుకోండి. పూర్తిగా పిడికిలి, పూర్తిగా చాచడం, బొటనవేలితో ఒక్కో వేలి కొసనీ తాకడం, మణికట్టు పైకీ కిందకీ వంచడం. గంటకోసారి రెండు నిమిషాలు చేస్తే, రోజుకి ఒకసారి అరగంట చేసినదానికంటే మంచిది.

మచ్చ ఎలా పండుతుందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. కుట్టిన గాయానికి మూడు వారాలకి మామూలు చర్మం బలంలో దాదాపు 30 శాతమే ఉంటుంది. మూడు నెలలకి 80 శాతం దాకా వస్తుంది, అక్కడితో ఆగుతుంది, నూరు శాతం ఎప్పటికీ రాదు. ఈ కాలమంతా శరీరం హడావిడిగా పేర్చిన పీచుని విప్పి, సరిచేసి మళ్ళీ పేర్చుకుంటూ ఉంటుంది. పని జరిగే చోటికి రక్తం ఎక్కువ వస్తుంది కాబట్టి ఎర్రగా, ఉబ్బుగా, గట్టిగా ఉంటుంది. అందుకే మచ్చ రెండు మూడు నెలల మధ్య అన్నిటికంటే వికారంగా కనిపిస్తుంది. అంటే మీరు ఇంకా ఆ దశకి చేరలేదు. వచ్చే నెల ఇప్పటికంటే ఎర్రగా కనిపిస్తే చెడిపోయిందనుకోవద్దు. ఆరు నెలల నుంచి పాలిపోవడం మొదలై, ఏడాది, ఏడాదిన్నర మధ్య ఒక రూపానికి వస్తుంది.

ఏం రాయాలి? ఇక్కడ నేను పిసినారిని. పనిచేస్తుందని ఎక్కువ నమ్మకం ఉన్నది సిలికాన్, షీట్ గానీ జెల్ గానీ. గాయం పూర్తిగా మూసుకున్నాకే వాడాలి, తెరిచి ఉన్న ఆ మణికట్టు మచ్చ మీద వద్దు. మొదట రోజుకి రెండు గంటలు పెట్టి, దద్దుర్లు రాకపోతే పెంచుకుంటూ 12 గంటలకి పైగా ఉంచాలి, కనీసం రెండు మూడు నెలలు. షీట్‌ని రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. కడగని షీట్ కింద చెమటకి పొక్కులొచ్చి, "సిలికాన్ పడలేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. రెండోది మసాజ్. పైన నూనె రాసి రుద్దడం కాదది. వేలు చర్మం మీద జారకూడదు, వేలితోపాటు చర్మమే కింది కండ మీద కదలాలి. మచ్చ తెల్లబడేంత ఒత్తిడితో ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు. గ్రాఫ్ట్ మీద ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. మూడోది ఎండ తగలకుండా చూసుకోవడం. ఏడాదిపాటు పొడుగు చేతుల చొక్కా, లేదా ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. లేత మచ్చకి ఎండ తగిలితే వచ్చే నలుపు మొండిది. గ్రాఫ్ట్ ఎత్తుగా లేస్తుంటే కొలత తీసి కుట్టించిన బిగుతు తొడుగు వేసుకోమనొచ్చు, అది డాక్టరు చూసి చెప్పాలి.

విటమిన్ ఈ నూనె వద్దు. మచ్చ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, కొంతమందికి దద్దుర్లు వస్తాయి. తెల్లబరిచే క్రీములు, ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబులు అసలే వద్దు. ఖరీదైన "మచ్చల క్రీములు" చాలావరకు మాయిశ్చరైజర్లే, చేసే మేలు కూడా అంతే.

మచ్చ ఎత్తుగా లేస్తే అది రెండు రకాలు కావచ్చు. గాయం హద్దుల్లోనే ఉబ్బితే హైపర్ట్రోఫిక్ మచ్చ, తరచూ కాలంతో అణుగుతుంది. హద్దు దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకితే కీలాయిడ్, అది తనంతట తగ్గదు. నాన్నగారికి పాత గాయాల మీద గానీ ఇంట్లో ఎవరికైనా గానీ అలా పెరిగిన చరిత్ర ఉంటే ఇప్పుడే చెప్పండి. రెండింటికీ మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ డాక్టరు ఇస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. నొప్పి ఉంటుంది గానీ దురద మాత్రం బాగా తగ్గుతుంది.

పొగాకు. నోటి క్యాన్సర్ అంటున్నారు కాబట్టి అడగక తప్పదు. మానేసి ఉంటే సరే. నికోటిన్ సన్నని రక్తనాళాల్ని బిగదీస్తుంది, గ్రాఫ్ట్ బతికేది వాటి మీదే. షుగర్ ఉంటే అదుపులో ఉంచండి. మరొకటి, రేడియేషన్ మొదలవబోతోందని రాశారు. రేడియేషన్ నోటికే, చేతికి తగలదు. కానీ నోరు పుళ్ళు పడి తినడం తగ్గుతుంది, మాంసకృత్తులు తగ్గితే చేతి గాయం మానడం నెమ్మదిస్తుంది. నోటికీ చేతికీ ఉన్న ఈ లంకె చాలామంది గమనించరు. బరువు వారానికోసారి చూసి రాసుకోండి, తగ్గుతుంటే న్యూట్రిషనిస్ట్‌ని కలవండి.

వేరే చోటి నుంచి ఫ్లాప్ తీయించుకున్నవాళ్ళూ ఇది చదువుతుంటే వాళ్ళకో ముక్క. వీపు నుంచి తీస్తే పెద్ద తలనొప్పి మచ్చ కాదు, లోపల నీరు చేరడం. నీరు బయటికి పోవడానికి పెట్టిన ట్యూబ్ తీశాక ఉబ్బి, తడిమితే నీళ్ళ సంచీలా ఊగితే సిరంజితో తీయించుకోవాలి, ఒక్కోసారి మళ్ళీ మళ్ళీ. పొట్ట నుంచి తీస్తే మచ్చ ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా ఉంటుంది. మొదటి వారం వంగి నడవడం సహజం, బరువులు ఎత్తడం మాత్రం డాక్టరు చెప్పేదాకా వద్దు, పొట్ట గోడ ఉబ్బుతుంది. కాలి సన్నెముక తీసినవాళ్ళకి కాలి బొటనవేలు వంచడంలో బలం తగ్గొచ్చు, నడక మాత్రం చాలామందికి తిరిగొస్తుంది.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి: ఎరుపు రోజురోజుకీ పక్కలకి పాకడం, చెడు వాసన, జ్వరం, ఆగని రక్తం, వేళ్ళు పాలిపోవడం లేదా నీలంగా మారడం, ఒక కాలి పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెట్టడం. పిక్క గురించి అశ్రద్ధ చేయొద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

"చెయ్యి పోయింది" అన్న మాటకి మీరేం జవాబు చెప్పాలో నాకు తెలుసని అనను. మా దగ్గరికి వచ్చే ఒకాయన ఎనిమిది నెలలు చొక్కా చేతి గుండీ విప్పలేదు, డ్రెస్సింగ్ రూమ్‌లో కూడా మేం అడిగితేనే విప్పేవారు. పొడుగు చేతులు వేసుకోవడంలో తప్పేమీ లేదు, ఎండకీ మంచిదే. నేను అడిగేది ఒక్కటే, తన చేతిని తను చూసుకుంటున్నారా లేదా అని. క్రీము మీరు రాయకండి, ఆయన్నే రాసుకోమనండి. మొదట్లో మొహం తిప్పుకుని రాసుకుంటారు. ఆ ఒకాయనా అంతే, తర్వాత్తర్వాత ఏ వారం ఏ అంచు మెత్తబడిందో మాకే చూపించేవారు.

మళ్ళీ సర్జరీతో సరిచేయొచ్చా అని అడిగారు. గుంట బాగా ఇబ్బంది పెడితే కొవ్వు ఎక్కించడం, గ్రాఫ్ట్‌ని విడతలుగా చిన్నది చేయడం, ఎరుపుకి లేజర్ లాంటివి ఉన్నాయి. గుంట సరిచేసే కత్తి పని మచ్చ పండకముందు, అంటే ఏడాది లోపు, సాధారణంగా చేయరు. అప్పటిదాకా నెలకో ఫోటో తీసి పెట్టండి, అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి, పక్కన ఒక స్కేలు పెట్టి. మొదటిది ఇవాళే తీయండి, ఆ మణికట్టు తెల్లమచ్చ కూడా కనిపించేలా. దాన్ని తీసుకుని ఈ వారం డాక్టరు దగ్గరికి వెళ్ళండి.